ఊరెళ్తున్నామని చెప్పండి

“ఎవరికీ చెప్పకుండా వెళ్ళి రండి. చెప్పుకోవడం వచ్చాక చూసుకోవచ్చు.” దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ మీదుగా పెద్ద అంబర్‌పేట్ దాకా ఏ కాలనీలో ప్రయాణం మాట ఎత్తినా పెద్దవాళ్ళు ముందుగా చెప్పే జాగ్రత్త ఇదే. ఇప్పుడు కుర్రవాళ్ళూ అదే అంటున్నారు. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్తున్నా, సంక్రాంతికి సొంతూరు వెళ్తున్నా, పిల్లల సెలవులకు అరకు వెళ్తున్నా టికెట్టు చేతిలో పడ్డ నాటి నుంచి బస్సెక్కే దాకా నోరు విప్పకూడదు. విప్పితే దిష్టి తగులుతుంది, దొంగల చెవిన పడుతుంది. ఈ పాత కారణాలకు ఈ మధ్య మరో రెండు తోడయ్యాయి. ఫోన్లో అన్నీ ఉండగా ఒకరిని అడిగేదేమిటి, ఒకరికి చెప్పేదేమిటి అన్నది ఒకటి. మంచి చోటు పదిమందికీ చెబితే జనం ఎగబడి పాడుచేస్తారన్నది మరొకటి.

నాలుగు కారణాలూ నాలుగు నోళ్ళ నుంచి వస్తున్నా చేరేది ఒక్క చోటికే: ప్రయాణం గుట్టుగా ఉంచుకోవలసిన సొంత వ్యవహారం అన్న నిర్ణయానికి. ఆ నిర్ణయం తప్పు. దానివల్ల మనుషులకు హాని కూడా జరుగుతోంది. ఎక్కడికి వెళ్తున్నామో కావలసినవాళ్ళకు ముందే చెప్పడం, దారిలో తోటి ప్రయాణికులతో తెలిసింది పంచుకోవడం, తిరిగొచ్చాక తర్వాత వెళ్ళేవాళ్ళకు ఉన్నదున్నట్టు వివరించడం ప్రయాణంలో భాగాలు. వీటిని వదిలేసి చేసే ప్రయాణానికి ఖర్చెక్కువ, కష్టమెక్కువ, ప్రమాదమూ ఎక్కువే. ఒక్కో కారణాన్నీ తీసుకుని అది ఎందుకు నిలబడదో చెబుతాను.

పెద్ద అంబర్‌పేట్‌ను ముందు పెట్టుకుని ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు విజయవాడ జాతీయ రహదారిని కలిసేది ఇక్కడే, పదకొండో ఎగ్జిట్ దగ్గర. రింగు రోడ్డు మీదుగా వచ్చే వాహనాలు ఇక్కడ దిగి హైవే ఎక్కుతాయి. ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చేవి ఇక్కడితో నగరాన్ని వదులుతాయి. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఈ తూర్పు శివార్లలో స్థిరపడ్డ కుటుంబాలకు లెక్కలేదు. బస్సెక్కితే సొంతూరు దగ్గరన్న ధీమాతోనే చాలామంది ఈ వైపు ఇల్లు కట్టుకున్నారు. సంక్రాంతికి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే కార్లన్నీ ఈ దారిన వెళ్ళేవే. రాకపోకలే బతుకైన ఇలాంటి చోట ప్రయాణం గురించి మాట్లాడకూడదన్న నియమం ఇంతగా పాతుకుపోవడం చూస్తే బాధ కలుగుతుంది.

ముందు దొంగల సంగతి. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. పండగ సెలవుల్లో తాళం వేసిన ఇళ్ళలో దొంగలు పడ్డ వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. అయితే ఇల్లు ఖాళీగా ఉందని దొంగకు చెబుతున్నదెవరు? గేటుకు బయట వేలాడే తాళం చెబుతుంది. వాకిట్లో ముగ్గు లేకపోవడం, వరండాలో నాలుగు రోజుల పేపర్లు అలాగే పడి ఉండటం, తలుపు గడియకు తగిలించిన పాల సంచి ఖాళీగా ఊగుతుండటం, చీకటి పడ్డా లోపల దీపం వెలగకపోవడం చెబుతాయి. పగలు వీధిలో రెక్కీ చేసేవాడికి ఇవి చాలు. మనం నోరు మూసుకున్నంత మాత్రాన ఇల్లు నోరు మూసుకోదు.

ఆ ఆనవాళ్ళు కనపడకుండా చేయగలిగింది పక్కింటివాళ్ళే. చెప్పి వెళ్తే వాళ్ళు పేపరు తీసి లోపల పెడతారు. పొద్దున తమ వాకిలితో పాటు మన వాకిట్లోనూ నీళ్ళు చల్లి నాలుగు గీతలు గీస్తారు. సాయంత్రం వరండా లైటు వేస్తారు. అర్ధరాత్రి మేడ మీద అలికిడైతే ఎవరని కేక వేస్తారు. చెప్పకపోతే ఆ అలికిడి విన్నా మనమే ఉన్నామనుకుని అటు తిరిగి పడుకుంటారు. సామాను మోసుకుపోతున్నవాణ్ణి కళ్ళారా చూసినా ఇల్లు మారుతున్నారేమో అనుకుంటారు. రహస్యం ఇక్కడ దొంగకు ఉపకారం చేసింది.

పోలీసులు పండగల ముందు చెప్పే జాగ్రత్తల్లో జనం సగమే విన్నారు. ఊరెళ్తున్న తేదీలు, దారిలో దిగిన ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టవద్దంటారు. ఆ మాట అందరికీ గుర్తుంది. ఇరుగుపొరుగుకు చెప్పి వెళ్ళండి, మీ స్టేషన్‌లో ఒక మాట తెలియజేయండి, గస్తీ తిరిగేవాళ్ళు మీ ఇంటి మీద కన్నేసి ఉంచుతారు అని కూడా అదే నోటితో అంటారు. దాన్ని పెడచెవిన పెట్టాం. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళ నిఘాకు ఒక పద్ధతే పెట్టారు. ఊరెళ్ళేవాళ్ళు ముందుగా తెలియజేస్తే ఇంట్లో కెమెరా అమర్చి స్టేషన్ నుంచి కనిపెట్టి ఉంటారు. ఆ ఏర్పాటుకు మొదటి మెట్టు ఊరెళ్తున్నామని చెప్పడమే. ముఖం తెలియని లోకానికి చాటవద్దన్న సలహాను తీసుకుని, ముఖం తెలిసిన మనిషికి కూడా చెప్పకూడదన్న నియమంగా మార్చుకున్నది మనమే.

పెద్ద అంబర్‌పేట్ చుట్టూ వెలిసిన కొత్త వెంచర్లలో ఈ నియమం మరీ కీడు చేస్తుంది. ఇక్కడొక ఇల్లు, మధ్యలో నాలుగు ఖాళీ ప్లాట్లు, అక్కడొక ఇల్లు. ఎదురింటి ఆయన పేరు తెలియకుండానే సంవత్సరాలు గడిచిపోతాయి. అలాంటివాళ్ళను నమ్మేదెలా అని అడుగుతారు. ముందు నమ్మకం కుదరాలి, ఆ తర్వాతే చెప్పుకోవాలి అనుకుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. ఈ పండక్కి మా ఇల్లు కాస్త చూడండి అని మీరు తాళం చెవి ఇస్తే, వచ్చే పండక్కి వాళ్ళు మీకు ఇస్తారు. పాత కాలనీల్లో ఇరుగుపొరుగు స్నేహాలు చాలావరకు ఇలా పుట్టినవే.

రెండో కారణం దిష్టి, శకునం. నమ్మేవాళ్ళ మనసు నొప్పించడం నా ఉద్దేశం కాదు. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలిచి ఎక్కడికని అడగకూడదన్న ఆనవాయితీ మన ఇళ్ళల్లో ఉంది. అది గడప దాటే వేళ పాటించే మర్యాద. దాన్ని సాగదీసి ప్రయాణమే రహస్యమనడానికి మన ఆచారంలో ఆధారం కనపడదు. తెలుగువాళ్ళు పవిత్రమనుకున్న యాత్రలన్నీ పదిమందికీ తెలిసి సాగినవే. కాశీకి వెళ్ళేవాళ్ళు బంధువులకూ ఊళ్ళోవాళ్ళకూ చెప్పి, పెద్దల దీవెన తీసుకుని కదిలేవారు. వెళ్ళలేనివాళ్ళు విశ్వేశ్వరుడికి సమర్పించమని తమ వంతు చేతిలో పెట్టేవారు, ఒక చెంబు గంగ తెమ్మని అడిగేవారు. తిరిగొచ్చినవాళ్ళు సమారాధన చేసి అందరికీ అన్నం పెట్టేవారు. మేడారం జాతరకు వాడకట్టు వాడకట్టే కదులుతుంది, బెల్లం తూకం వేయించేటప్పుడే ఎవరి మొక్కు ఏమిటో అందరికీ తెలిసిపోతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు నల్లబట్టలతో నలభై ఒక్క రోజులు మన మధ్యే తిరుగుతారు. ఎరుమేలి నడక ఎలా ఉంటుందో, పంబ దగ్గర ఏం జాగ్రత్త పడాలో గురుస్వామి నోటి నుంచి కన్నెస్వామి చెవికి చేరుతుంది. నలుగురికీ తెలిస్తే యాత్ర చెడుతుందని మన పెద్దలు అనుకుని ఉంటే ఈ ఆచారాల్లో ఒక్కటీ పుట్టేది కాదు.

ఈ సంప్రదాయంలో అందరికంటే గట్టి సాక్షి ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని 1830 మే 18న కాశీకి బయలుదేరారు. కడప, కర్నూలు సీమలు దాటి మన హైదరాబాద్ మీదుగా నాగపూర్ దారి పట్టారు. కాశీ, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబర్ 3న మద్రాసు చేరారు. రైలు లేదు, రోడ్డు సరిగా లేదు. దారిలో తాను చూసినవన్నీ ఎప్పటికప్పుడు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాసి పంపారు. ఆ రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. దిగవల్లి వేంకటశివరావు దాన్ని పరిష్కరించి 1941లో మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.

తెలుగులో తొలి యాత్రాచరిత్రగా ఆ పుస్తకాన్ని గౌరవిస్తాం. అందులో నన్ను కట్టిపడేసేది దాని శ్రద్ధ. ఈ మజిలీకీ ఆ మజిలీకీ దూరమెంత, దారి రాళ్ళదా రేగడిదా, మంచినీళ్ళున్నాయా, దిగడానికి చోటు దొరుకుతుందా, అంగట్లో కావలసిన సామాను ఉంటుందా, ఏరు ఎలా దాటాలి అన్నవి ఆయన ఓపిగ్గా రాస్తూ పోయారు. క్షేత్రమహిమ ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. తన వెనక అదే దారిన వచ్చేవాడు ఏ చెట్టు కింద ఆకలితో కూర్చోవలసి వస్తుందో ఊహించి ముందుగానే సాయపడ్డారు. ప్రయాణం గురించి చెప్పడమంటే అదీ. దిష్టి భయంతో ఆయన నోరు మూసుకుని ఉంటే తెలుగు జాతికి ఎంత నష్టం జరిగేదో ఆలోచించండి.

దిష్టి భయం వెనక ఇంకొక సంగతి ఉంది. చెప్పినప్పుడు ఎదుటివాళ్ళు అసూయ పడతారేమోనన్న శంక అది. చాలాసార్లు ఆ శంక నిజమవుతుంది కూడా, ఎందుకంటే మనం చెప్పే తీరు అలా ఉంటుంది. విమానం టికెట్టు ఎంతయిందో, హోటల్ ఎన్ని నక్షత్రాలదో ముందు చెబుతాం. వినేవాడికి పనికొచ్చే మాట ఒక్కటీ చెప్పం. డాబు కోసం చెప్పింది ఎవరి మనసులోనైనా ముల్లులా గుచ్చుకుంటుంది. అదే మనిషితో, మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు కదా, ఆ గుళ్ళో మెట్లు ఎక్కకుండా వెనకవైపు నుంచి దారి ఉంది అని చెప్పి చూడండి. అతని కళ్ళలో కృతజ్ఞత తప్ప మరొకటి కనపడదు. మానవలసింది డాబు. దానితో పాటు మాటనే మానేస్తే నష్టపోయేది ఆ తల్లి.

మూడో కారణం ఫోన్. దూరమెంత, ఎంతసేపు పడుతుంది, గది అద్దె ఎంత అన్నవి ఫోను చక్కగా చెబుతుంది. అందరూ వాడుకుంటున్నాం, వాడుకోవాలి. కానీ ప్రయాణంలో మనిషిని ఏడిపించే కష్టాలు చాలావరకు ఆ తెర మీదకు రావు. రాత్రి తొమ్మిది దాటాక పెద్ద అంబర్‌పేట్ కూడలి దగ్గర కాసేపు నిలబడితే ఇది తెలుస్తుంది. సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకుని జనం బస్సుల కోసం చూస్తుంటారు. ప్రతి చేతిలో ఫోను, ఫోనులో కదిలే బస్సు బొమ్మ. బస్సు రెండు కిలోమీటర్లలో ఉందని అది చెబుతుంది. కూడలికి ఇవతల ఆగుతుందా, అవతల ఆగుతుందా అన్నది చెప్పదు. అందుకే, “అన్నా, ఎక్కడ ఆపుతారు?” అని డ్రైవర్లకు ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

ఆ మధ్య అక్కడ నా పక్కన జరిగిన సంభాషణ ఇది. బ్యాగు తగిలించుకుని ఒంటరిగా నిలబడ్డ కాలేజీ అమ్మాయిని ఒక పెద్దావిడ పలకరించింది.

“ఎటు పోతున్నవ్ బిడ్డా?”

“ఏలూరండీ. ఈ బస్సుకి వెళ్ళడం ఇదే మొదటిసారి.”

“నేను గూడ గీ బస్సుకే. సూర్యాపేటల దిగుత. ఇది నడిమిట్ల దాబా కాడ ఆపుతది గని, ఆడ బాత్రూములు మంచిగుండయి, చీకటి. ఎక్కంగనే డ్రైవర్‌కు చెప్పిపెట్టు, టోల్‌గేట్ కాడ ఆపుమను. ఆడ లైట్లుంటయ్, నీళ్ళుంటయ్.”

“అడిగితే ఆపుతారాండీ?”

“నువ్వొక్కదానివి అడిగితె ఇనకపోవచ్చు. నేను గూడ అడుగుత, పా.”

రాత్రి బస్సులో పోయే ఆడవాళ్ళకు ఇంతకంటే అవసరమైన సమాచారం లేదు. మూత్రానికి ఎక్కడ ఆపుతారో తెలియక బయలుదేరే ముందు మంచినీళ్ళు కూడా తాగని ఆడవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. ఈ కష్టం ఏ రేటింగులోనూ ఉండదు. రేటింగు రాసినవాడికి మనం ఎవరో తెలియదు. మనతో ముసలి అత్తగారున్నారో, చంటిబిడ్డ ఉందో తెలియదు. డబ్బు పుచ్చుకుని పొగిడేవాళ్ళు అందులో ఎందరో మనకు తెలియదు. పక్కన నిలబడ్డ పెద్దావిడ మాత్రం ఆ అమ్మాయి ముఖం చూసింది, ఒంటరిగా ఉందని గ్రహించింది, ఆమెకు ఏం కావాలో అదే చెప్పింది. పైగా తానూ అడుగుతానంది. సమాచారంతో పాటు తోడు కూడా ఇవ్వగలిగింది మనిషి ఒక్కరే.

అరుణాచలం సంగతి చూడండి. కొన్నేళ్ళుగా తెలుగు రాష్ట్రాల నుంచి అక్కడికి వెళ్ళేవాళ్ళు విపరీతంగా పెరిగారు. పౌర్ణమికి హైదరాబాద్ నుంచి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతోంది. గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లని ఫోను చెబుతుంది. అది చెప్పులు లేకుండా నడిచే 14 కిలోమీటర్లని, పొద్దెక్కితే తారు రోడ్డు కాలి అరికాళ్ళు బొబ్బలెక్కుతాయని, అందుకే రాత్రి వేళో తెల్లవారకముందో మొదలుపెట్టాలని చెప్పేది వెళ్ళొచ్చినవాళ్ళే. నడవలేని పెద్దవాళ్ళతో పౌర్ణమినాడు పోకుండా మామూలు రోజున పోతే ప్రశాంతంగా చూడవచ్చని, మధ్యలో ఆగిపోవలసి వస్తే తిరిగి కలుసుకోవడానికి ఫలానా లింగం దగ్గర అని ముందే అనుకోవాలని, ఆ జనంలో ఫోను కలవకపోవచ్చని చెప్పేది కూడా వాళ్ళే. కాశీలో మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమంలో దిగితే తెలుగు మాట వినపడుతుందన్న సంగతి తరాలుగా ఒకరి నోటి నుంచి ఒకరికి చేరుతూ వచ్చింది. ఈ గొలుసు మన తరంలో తెగితే మన తర్వాతివాళ్ళు ప్రతిదీ దెబ్బ తిని నేర్చుకోవాలి.

నాలుగో కారణం, చెబితే మంచి చోట్లు పాడవుతాయన్నది. ఇందులో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను, ఎందుకంటే ఇలా అనేవాళ్ళు ఆ చోట్లను ప్రేమించి అంటున్నారు. పాడేరు దగ్గరి వంజంగి మేఘాల కొండనే తీసుకుంటే, ఫొటోలు చేతులు మారిన కొద్దీ జనం పోటెత్తారు, కొండ మీద ప్లాస్టిక్ చెత్త మిగిలింది. అయితే అక్కడ పంచుకున్నది ఏమిటి? మబ్బుల మీద సూర్యోదయం బొమ్మ ఒక్కటే. కొండ కింద గిరిజనుల ఊరు ఉంది, తెల్లవారుజామున హారన్లు కొట్టవద్దు, తెచ్చుకున్న సీసాలు తిరిగి తీసుకెళ్ళండి, పైన మరుగుదొడ్ల సౌకర్యం చూసుకుని వెళ్ళండి అన్న మాటలు ఆ బొమ్మతో పాటు రాలేదు. కంచె లేకుండా పశువులను తోలిన చేను లాగా అయింది. బొమ్మ చూపించి బాధ్యత దాచిపెడితే చోటు పాడవుతుంది. దానికి మందు పూర్తిగా చెప్పడం. మౌనం మందు కాదు, ఎందుకంటే మనం మౌనంగా ఉన్నా ఆ బొమ్మ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది.

సగమే తెలిసి వెళ్ళడంలో ప్రాణాపాయం కూడా ఉంది. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతానికి వెళ్ళిన పదుల మంది పర్యాటకులు, తిరుగుదారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. తామెక్కడున్నదీ ఫోనులో చెప్పగలిగారు. వాగు దాటే సాహసం చేయవద్దని అటు నుంచి సూచన అందింది. జాతీయ విపత్తు స్పందన దళం వెళ్ళి వాళ్ళను క్షేమంగా బయటికి తెచ్చింది. ముసురు పట్టిన రోజుల్లో ఆ వాగు ఎంత తొందరగా పొంగుతుందో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు తెలుసు. ఆ తెలిసిన మాట జలపాతం వీడియోల వెంట రాలేదు.

2014 జూన్ 8 మన నగరం ఎప్పటికీ మరచిపోకూడని రోజు. విహారయాత్రకు హిమాచల్ ప్రదేశ్ వెళ్ళిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో బండల మీద ఉండగా, ఎగువనున్న లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు వచ్చిపడ్డాయి. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న టూర్ మనిషి కొట్టుకుపోయారు. ఆ పిల్లల మీద తప్పు మోపడం అన్యాయం. హెచ్చరించవలసిన బాధ్యత వ్యవస్థలది. కానీ వ్యవస్థ విఫలమైన చోట ప్రాణం కాపాడేది తెలిసిన మనిషి మాట. ప్రశాంతంగా కనిపించే కొండ నదికి పైన డ్యామ్ ఉంటే నిమిషాల్లో మట్టం పెరుగుతుంది, బండల మీదకు దిగవద్దు అన్న ఒక్క ముక్క అక్కడికి వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ వెళ్ళబోయే ప్రతి పిల్లవాడికీ చెప్పవలసిందే. ‘భలే ఉంటుంది, వెళ్ళండి’ అని చెప్పి ఊరుకోవడం సలహా అనిపించుకోదు.

ఇక గుట్టు వల్ల మనం కోల్పోతున్నవి. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు వోల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర తగలబడి 45 మంది చనిపోయారు. ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది. అలాంటి ఘడియలో ఇంట్లోవాళ్ళకు తెలియవలసింది ఒక్కటే: మనవాళ్ళు ఎక్కింది ఏ బస్సు? దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో కోచింగుల కోసం ఉంటున్న వేలమంది పిల్లల్లో, వారాంతానికి ఎక్కడికి వెళ్తున్నారో గదిలో ఉన్న స్నేహితుడికి కూడా చెప్పనివాళ్ళు ఉన్నారు. ‘నా ఇష్టం, ఎవరికి చెప్పాలి?’ అంటారు. ఇష్టం వాళ్ళదే. బస్సు పేరు, ఎక్కిన చోటు, దిగే వేళ ఒక్కరికైనా చెప్పడం అనుమతి అడగడం అవదు. ఆపద వస్తే తమకోసం వెతకడానికి ఒక మనిషిని సిద్ధం చేసుకోవడం అది.

ఇంతటి ఆపదల దాకా పోనక్కరలేదు. మామూలు ప్రయాణంలో చెప్పడం చేసే మేలు చూడాలంటే, పిల్లల దగ్గరికి మొదటిసారి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులను చూడండి. ఎల్బీనగర్, కొత్తపేట, వనస్థలిపురం ఇళ్ళలో ఇలాంటివాళ్ళు ఎందరో. డెబ్బై ఏళ్ళ వయసు, ఇంగ్లీషు అంతంత మాత్రం. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారాలి. అక్కడ పిల్లలు ఏం చేస్తారు? ఫలానా తేదీన అదే విమానంలో వస్తున్న తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా అని తెలిసినవాళ్ళందరి దగ్గరా వాకబు చేస్తారు. ఎవరో ఒకరు దొరుకుతారు. ముక్కూ మొహం తెలియని ఆ కుర్రవాడు శంషాబాద్‌లో కలుస్తాడు, మారే చోట చేయి పట్టుకుని సరైన గేటుకు తీసుకెళ్తాడు, ఇమ్మిగ్రేషన్ వరసలో పక్కన నిలబడతాడు. దిగాక కొడుక్కి అప్పగించి వెళ్ళిపోతాడు. తెలుగువాళ్ళు ప్రపంచమంతా విస్తరించిన ఈ కాలంలో మనం తయారుచేసుకున్న అందమైన ఆచారాల్లో ఇదొకటి. ఇది పూర్తిగా చెప్పుకోవడం మీద నిలబడింది. ఆ పెద్దవాళ్ళూ దిష్టి భయంతో తేదీ దాచుకుని, ఆ కుర్రవాడూ తన ప్రయాణం దాచుకుని ఉంటే, పక్కపక్క సీట్లలో కూర్చుని కూడా ఒకరికొకరు తెలిసేవారు కాదు. దాచుకోండని సలహా ఇచ్చేవాళ్ళే తమ అమ్మానాన్నల వంతు వచ్చేసరికి తోడు కోసం పదిమందినీ అడుగుతారు. ఆ సలహాను సలహా ఇచ్చినవాళ్ళే అవసరంలో పాటించలేకపోతున్నారు. అది పనికిరానిదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

చెప్పడానికి ఒక పద్ధతి ఉండాలని ఒప్పుకుంటాను. ఇల్లు ఎన్నాళ్ళు తాళం వేసి ఉంటుందో బస్సులో పక్కసీటు అపరిచితుడికి చెప్పనక్కరలేదు, పక్కింటివాళ్ళకు చెప్పాలి. ఒంటరిగా వెళ్ళే అమ్మాయి తాను దిగే గది నంబరు ఎవరికి పడితే వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇంట్లో ఒకరికి, స్నేహితుల్లో ఒకరికి చెప్పి తీరాలి. ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు. ఎవరికి ఏది అవసరమో అది చెప్పాలన్న ఇంగితం ఉంటే దొంగ భయం, దిష్టి భయం రెండూ తీరతాయి.

తిరిగొచ్చాక చెప్పడంలో మరింత నిజాయితీ కావాలి. మనలో చాలామంది ప్రయాణంలో పడ్డ అవస్థ దాచేస్తారు. అంత డబ్బు పోసి వెళ్ళి బాగోలేదంటే పరువు పోతుందని భయం. దేవుడి దగ్గరికి వెళ్ళొచ్చి కష్టం చెబితే పాపమని సంకోచం. గదిలో నీళ్ళు రాలేదని, టూరు మనిషి చెప్పిన గుళ్ళలో రెండు చూపించలేదని, అమ్మకు వరసలో కళ్ళు తిరిగాయని ఎవరితోనూ అనరు. “దర్శనం బాగా అయింది” అని ఊరుకుంటారు. ఆ మాట నమ్మి పక్కింటి కుటుంబం అదే టూరుకు డబ్బు కడుతుంది, ఆ ముసలావిడకూ కళ్ళు తిరుగుతాయి. మనం మింగిన కష్టాన్ని మన తర్వాతివాళ్ళు మళ్ళీ మింగుతారు. మంచి ఎంత చెబుతామో, చెడు కూడా అంత చెప్పాలి. ఎంత ఖర్చయిందో కుదురుగా చెప్పాలి. తెలియనిది తెలియదనాలి. ఇది వెనక వచ్చేవాళ్ళ పట్ల మన బాధ్యత.

గుట్టుగా వెళ్ళి రమ్మనేవాళ్ళు మన మేలు కోరే అంటారు, ఆ ప్రేమను నేను శంకించను. కానీ ఆ జాగ్రత్త ఇంటిని పక్కింటి కన్నుకు దూరం చేసింది, ప్రయాణికుణ్ణి తోటి ప్రయాణికుడికి దూరం చేసింది, ఒకరు పడ్డ దెబ్బ ఇంకొకరికి పాఠం కాకుండా చేసింది. జాగ్రత్త పేరుతో మనుషులను ఒంటరులను చేసే సలహాను మన పిల్లలకు అందించడం మానేద్దాం. వచ్చే సంక్రాంతికి పెద్ద అంబర్‌పేట్ కాలనీల్లో తాళాలు పడే ముందు ప్రతి ఇంటివాళ్ళూ పక్క గేటు తట్టి, ఫలానా రోజు వెళ్తున్నాం, ఫలానా రోజు వస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని చెప్పాలి. బస్సు దగ్గర నిలబడ్డప్పుడు తెలిసింది చెప్పాలి, తెలియనిది అడగాలి. వచ్చాక ఉన్నదున్నట్టు చెప్పాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ పండగ నుంచే మొదలుపెట్టవచ్చు.